రెండో సంతకం

సిల్వీ తన భాగం జనవరి మొదటి వారంలోనే నింపేసింది. ఇక మిగిలింది వాళ్ళమ్మ సంతకం.

కాలేజీ ఖర్చులకి ఫెడరల్ ప్రభుత్వ సాయం కావాలంటే పన్నెండో తరగతి పిల్లలందరూ నింపాల్సిన ఫారం అది. ఆ ఏడాది ప్రభుత్వం దాన్ని మొత్తం మార్చేసింది. ఇదివరకటిలా పిల్లలే తల్లిదండ్రుల ఆదాయం రాసి పంపేస్తే కుదరదు. తల్లో తండ్రో ప్రభుత్వ వెబ్‌సైటులో తమ పేరున ఖాతా తెరిచి, లోపలికెళ్ళి, నా పన్నుల వివరాలు చూసుకోండి అని ఒప్పుకోవాలి. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల పనిని మార్లిస్ హైకినెన్ ఎనిమిది వారాలు నెట్టుకొచ్చింది.

అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఓట్టర్ బే అనే చిన్న ఊళ్ళో ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దించాక నాలుగో తరగతి గదిలో టీచరుకి సాయంగా ఉంటుంది. మధ్యాహ్నం మళ్ళీ బస్సు. నలభై రెండేళ్ళ మనిషి, ఏ పనీ రేపటికి వదిలే రకం కాదు. అందుకే సిల్వీకి ఇది మింగుడుపడలేదు.

"అమ్మా, ఇవాళైనా చేస్తావా?"

"చేస్తానే. బస్సు కడిగొచ్చి చేస్తా."

"జనవరిలో బస్సెవరు కడుగుతారమ్మా? నీళ్ళు పోస్తే పోసినచోటే గడ్డకడతాయి."

"లోపల కడగాలి. ఆ నీమీ వాళ్ళ చిన్నోడు వాంతి చేసుకున్నాడు."

"పోయిన వారం కూడా వాడే చేసుకున్నాడు!"

"వాడి పొట్ట అంతే, ఏం చేస్తాం."

ఫిబ్రవరి వచ్చింది. నీమీ వాళ్ళ చిన్నోడి పొట్ట బాగుపడింది. తర్వాత మార్లిస్‌కి తలనొప్పి వచ్చింది, కంప్యూటర్ నెమ్మదించింది, పాత పన్నుల కాగితాలు దొరకలేదు. సిల్వీ అడగడం మానేసింది. పొద్దున బస్సులో ముందు సీటులో కూర్చునే పిల్ల, వెనక్కి వెళ్ళి కూర్చోవడం మొదలెట్టింది.

మార్లిస్ భయం ఎవరికీ తెలియదు. ఇరవై నాలుగేళ్ళ కిందట ఆమె టీచరు కావాలని కాలేజీలో చేరింది. ఫెడరల్ లోను తీసుకుని ఆరు సెమిస్టర్లు బాగానే చదివింది. ఏడో సెమిస్టరు సగంలో ఉండగా తల్లికి కాన్సరని తెలిసింది. ఇంట్లో చూసేవాళ్ళు లేక చదువు మధ్యలో వదిలేసి వచ్చేసింది. వచ్చాక తెలిసింది, సెమిస్టరు మధ్యలో మానేస్తే ఆ సెమిస్టరుకని వచ్చిన ఫెడరల్ డబ్బులో చాలా భాగం కాలేజీ వెనక్కి పంపేయాలని, ఆ లోటంతా తన నెత్తినే పడుతుందని. కాలేజీ బిల్లు పంపింది. కట్టలేకపోయింది. బిల్లు కట్టేదాకా మార్కుల పత్రాలు ఇవ్వం పొమ్మన్నారు. మార్కుల పత్రాలు లేకపోతే ఇంకో కాలేజీ చేర్చుకోదు. డిగ్రీ లేకపోతే మంచి జీతం లేదు, జీతం లేకపోతే లోను కట్టడం లేదు. తల్లి మరుసటి వేసవిలో పోయింది. లోను ఎగవేత కింద పడింది. ఆ తర్వాత ప్రతి ఏప్రిల్లో ఆమెకి ప్రభుత్వం నుంచి తిరిగి రావాల్సిన ట్యాక్స్ డబ్బు ఆమె దాకా రాకుండానే ఆ అప్పు కింద పోయేది.

మహమ్మారి రోజుల్లో ఆ వసూళ్ళు ఆగాయి. నాలుగేళ్ళుగా ఒక్క ఉత్తరం లేదు. వాళ్ళు నన్ను మర్చిపోయారు అనుకుంది మార్లిస్. ఇప్పుడు తన ప్రభుత్వ గుర్తింపు నంబరు తనే ఇచ్చి, ఖాతా తనే తెరిచి, నేనిక్కడున్నానని చెప్పాలా? చెబితే పిల్ల సాయానికి కూడా అడ్డం పడతారేమో! సంతకం పెట్టకపోతే పిల్లకి సాయం రాదు, పెడితే తన మూలంగా రాకుండా పోతుంది. ఈ రెండిటి మధ్యా ఆమెకి నిద్ర పట్టడం మానేసింది.

మార్చి మొదట్లో ఒకరోజు భోజనాల గంట అయ్యాక విన్నీ ట్రెంబాత్ ఆమెని తన గదికి పిలిపించింది. ట్రెంబాత్ ఆ స్కూల్లో పిల్లల్ని కాలేజీలకి పంపే కౌన్సిలరు. అరవై ఏడేళ్ళు. హాకీ ఆటలకి టికెట్లు కూడా ఆవిడే అమ్ముతుంది. ఆ జూన్‌లో రిటైర్ కాబోతోంది. ఇరవై నాలుగేళ్ళ కిందట మార్లిస్ చేత దరఖాస్తులు నింపించి కాలేజీకి పంపింది కూడా ఆవిడే. ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకే భవనంలో పనిచేస్తున్నారు. ఈ పదకొండేళ్ళలో వాళ్ళ మధ్య వాతావరణం గురించి తప్ప మాట నడవలేదు. నడవాలో ఆవిడ ఎదురొస్తుంటే మార్లిస్ ఏదో ఒక గదిలోకి తిరిగిపోయేది.

"కూర్చో అమ్మాయ్. పేస్టీ సగం తింటావా? ఒక్కదాన్ని తినలేను."

"వద్దండీ, తినేశాను."

"నీ కూతురి ఫారం నా లిస్టులో ఇంకా ఎర్రగానే ఉంది. ఈ స్కూల్లో పద్దెనిమిది మంది ఉన్నారు పన్నెండో తరగతిలో. మిగతా పదిహేడూ వెళ్ళిపోయాయి. ఆ యార్విస్ కొడుకు ఫారం కూడా వెళ్ళింది, వాడికి వాడి పుట్టినరోజు కూడా గుర్తుండదు."

"వెబ్‌సైటు సరిగ్గా లేదండీ."

"లేదు, నిజమే. ఈ ఏడాది దాన్ని చూసి ఏడవని వాళ్ళు లేరు. కానీ నువ్వు అందులోకి వెళ్ళనేలేదు కదా?"

ట్రెంబాత్ మాంసం, దుంపలు కూరి కాల్చిన ఆ పేస్టీని కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

"మార్లిస్, నన్ను చూసి ఆ సామాన్ల గదిలో దూరతావు చూడు, అక్కడ ఏముంటాయో తెలుసా? చీపుర్లు. పదకొండేళ్ళుగా చీపుర్లతో ఏం మాట్లాడుతున్నావో నాకు చెప్పొచ్చు కదా!"

మార్లిస్‌కి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. తర్వాత పావుగంటలో అంతా చెప్పేసింది. అమ్మ జబ్బు, బిల్లు, ఆగిపోయిన మార్కుల పత్రాలు, ప్రతి ఏప్రిల్లో పోయే డబ్బు, ఇప్పుడు సిల్వీ ఫారం.

"మీరు నా కోసం ఎన్ని ఉత్తరాలు రాశారో నాకు గుర్తుంది. మీ మొహం చూడలేకపోయాను."

"నా మొహం బాగాలేదని తప్పుకుంటున్నావేమో అనుకున్నాను," అంది ట్రెంబాత్. తన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "సరే విను. రెండు మాటలు. ఒకటి, నీ బాకీ నీది. దాన్ని చూసి పిల్లకిచ్చే సాయం ఆపరు. ఒక్క డాలరు కూడా తగ్గించరు. ఇన్ని వారాలు ఊరికే కుమిలిపోయావు. రెండోది, లోను ఎగవేతలో పడ్డ వాళ్ళందరికీ ప్రభుత్వం ఒక దారి తెరిచింది. ఫ్రెష్ స్టార్ట్ అంటారు. ఫోన్ చేసి అడిగితే చాలు, ఆ ముద్ర తీసేస్తారు. నువ్వు మళ్ళీ సాయానికి అర్హురాలివి. సెప్టెంబరు ఆఖరు దాకానే."

"అలాంటి ఫోన్లు నాకు వారానికి నాలుగొస్తాయండీ. మీ లోను మాఫీ చేస్తాం, ముందు ఐదొందలు పంపండి అంటారు."

"వాళ్ళు దొంగలు. ఇది ప్రభుత్వం. తేడా తెలియడం కష్టమేలే. వాళ్ళు నీకు ఫోన్ చేస్తారు, ఇక్కడ నువ్వు ఫోన్ చేయాలి. వాళ్ళు డబ్బడుగుతారు, వీళ్ళు అడగరు."

"అడగరా?"

"ముందు పిల్ల ఫారం సంగతి చూడు. ఇవాళే."

ఆ సాయంత్రం బస్సు పెట్టేసి ఇంటికొచ్చాక మార్లిస్ వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. సిల్వీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పెద్దగా ఆశ పెట్టుకోలేదు ఆ పిల్ల. నంబరు కొట్టి, రహస్య పదం రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి మార్లిస్ లోపలికెళ్ళింది.

సిల్వీ ఫారం రాలేదు. దానికన్నా ముందు వేరే పేజీ వచ్చింది. పైన "స్వాగతం, మార్లిస్" అని ఉంది. దాని కింద పెద్ద అక్షరాల్లో ముప్ఫై ఒక్క వేల ఆరు వందల నలభై డాలర్లు. ఆ పక్కన ఎర్రగా, ఎగవేత అని.

ఇలా కనబడుతుందని మార్లిస్ ఊహించలేదు. చెయ్యి అడ్డం పెట్టబోయింది, కానీ తెర పెద్దది.

"ఏంటమ్మా ఇది?"

"నాదే. కాలేజీ అప్పు."

"కాలేజీకి ఒక ఏడాది వెళ్ళి నచ్చక మానేశానన్నావ్ కదా?"

"మూడేళ్ళు చదివాను. నచ్చకపోవడం ఏం లేదు."

సిల్వీ ఆ ఎర్ర అక్షరాల వైపే చూస్తోంది. లెక్కల్లో చురుకైన పిల్ల. "కట్టకపోతే ఏం చేస్తారు?"

"ట్యాక్స్ డబ్బు వెనక్కొస్తుంది చూడు ఏప్రిల్లో, అది వాళ్ళే పట్టేసుకుంటారు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచే."

సిల్వీ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది. "నా పన్నెండో ఏడు డులూత్‌లో హాకీ క్యాంపు ఉండింది. ట్యాక్స్ డబ్బు రాగానే పంపిస్తానన్నావ్. తర్వాత, ఆ డబ్బు నాన్న పట్టుకుపోయాడన్నావ్."

మార్లిస్ కంప్యూటర్ మూత దించబోయింది, సిల్వీ ఆపింది.

"నాన్న పట్టుకుపోలేదు."

"లేదు."

"అమ్మా, నాకు అబద్ధం చెప్పావంటే సరే. ఆయన మీద చెప్పావు. ఐదేళ్ళు. క్రిస్మస్‌కి ఆయన ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ అని పెట్టేసేదాన్ని. పోయినసారి నాకు కోటు పంపించాడు గుర్తుందా? విప్పకుండా స్కూల్లో బీదపిల్లల డబ్బాలో పడేసి వచ్చాను."

"సిల్వీ తల్లీ..."

"సంతకం పెట్టు."

మార్లిస్ పెట్టింది. నిజంగానే పది నిమిషాలు కూడా పట్టలేదు. ఫారం అందిందని తెర మీద ఆకుపచ్చ గుర్తు రాగానే సిల్వీ లేచి, తలుపు పక్కన వేలాడుతున్న స్కేట్లు భుజాన వేసుకుని, గడ్డకట్టిన సరస్సు వైపు వెళ్ళిపోయింది. చీకటి పడకముందే తిరిగొచ్చింది గానీ మాట్లాడలేదు. ఆ వారమంతా ఉప్పు అందుకో, తలుపు వెయ్యి అన్న మాటలే ఇంట్లో వినబడ్డాయి.

ఆదివారం పొద్దున మార్లిస్ లైల్‌కి ఫోన్ చేసింది. లైల్ ఆమె మాజీ భర్త. వాళ్ళు విడిపోయి ఏడేళ్ళయింది. నార్త్ డకోటా చమురు బావుల దగ్గర పనిచేస్తున్నాడు.

"సిల్వీకేమైంది?" అన్నాడు ఎత్తగానే.

"ఏం కాలేదు. బాగుంది. నేనొకటి చెప్పాలి, మధ్యలో ఆపకు. ఆపితే చెప్పలేను."

చెప్పింది. లైల్ ఆపలేదు. అవతల ఎక్కడో లారీ వెనక్కి నడుస్తున్న చప్పుడు వినబడింది.

"మార్లిస్, నేను మంచి మొగుణ్ణి కాదు. ఆ మాట ఓట్టర్ బే మొత్తం చేతులెత్తి ఒప్పుకుంటుంది. కానీ చేయని దొంగతనం నా మీదెందుకు పెట్టావే?"

"సిగ్గేసింది. పిల్లకి నా సంగతి చెప్పలేకపోయాను. నువ్వు దూరంగా ఉన్నావు, నీ మీద చెప్పడం తేలికైంది."

"అవును, నేనెప్పుడూ తేలికే." గొంతు మార్చి అడిగాడు. "హాకీ ఇంకా ఆడుతోందా?"

"గోల్ కీపరు. ఈ ఏడాది వాళ్ళ జట్టు జిల్లా పోటీల దాకా వెళ్ళింది."

"గోల్ కీపరా! ఆ పిల్ల చిన్నప్పుడు బంతి వస్తే కళ్ళు మూసుకునేది." అతను నవ్వాడో, ముక్కు చీదాడో ఆమెకి తెలియలేదు. "దానికి ఫోన్ ఇవ్వు. మాట్లాడకపోయినా పరవాలేదు, ఇవ్వు."

మార్లిస్ ఫోను తీసుకెళ్ళి సిల్వీ గది తలుపు దగ్గర నిలబడి, "మీ నాన్న," అంది. "అంతా చెప్పాను." సిల్వీ ఫోను తీసుకుని తలుపు మూసుకుంది. గంటన్నర తర్వాత ఫోను తెచ్చి ఛార్జర్‌కి పెట్టి, తల్లి మొహం చూడకుండా, "కోటు సంగతి చెప్పేశాను. ఇంకోటి పంపుతానన్నాడు," అంది.

ఏప్రిల్ మూడో తేదీన సరస్సు మీంచి మంచు తుఫాను వచ్చి స్కూళ్ళు మూసేశారు. బస్సు లేదు, క్లాసు లేదు. మార్లిస్ ట్రెంబాత్ రాసిచ్చిన నంబరు చీటీ బల్ల మీద పెట్టుకుని కాఫీ మూడు కప్పులు తాగింది. నాలుగోది పోసుకుని ఫోన్ చేసింది. యాభై నిమిషాలు సంగీతం వినిపించారు. సిల్వీ అదే బల్ల దగ్గర కూర్చుని పాలలో కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని తింటూ ఏదో పుస్తకం చదువుతోంది. పేజీ మాత్రం తిప్పడం లేదు.

చివరికి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. అమెరికా దక్షిణాది యాస, మెత్తగా సాగదీస్తోంది. పేరు చెర్రెల్ అంది.

"చెప్పండమ్మా, ఏం కావాలి?"

"నేను... నా లోను ఎగవేతలో ఉందండీ. చాలా ఏళ్ళుగా. ఎందుకంటే అప్పుడు మా అమ్మకి..."

"అమ్మా, కారణాలు చెప్పక్కర్లేదు. ఫ్రెష్ స్టార్ట్ కావాలనా?"

"అవును. కావాలి."

"సరే. మీ అడ్రసు మారిందా? ఆదాయం ఎంత? ఇంట్లో ఎంతమంది?"

ఒక్కోటి చెబుతుంటే అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. పన్నెండు నిమిషాలైంది.

"అయిపోయిందండీ. నాలుగు నుంచి ఆరు వారాల్లో మీ లోను మామూలు లోన్లలోకి వెళ్తుంది. ఎగవేత అన్న మాట చెరిపేస్తారు. మీ జీతానికి, ఇద్దరు మనుషుల ఇంటికి, కొత్త పద్ధతిలో మీ నెలవారీ వాయిదా సున్నా."

"సున్నా ఎలా కట్టాలండీ? చెక్కు రాయాలా?"

అవతల చెర్రెల్ పకపకా నవ్వింది. "రాయొద్దమ్మా, మా వాళ్ళు దాన్ని పట్టుకుని ఆర్నెల్లు తికమకపడతారు."

"అంతేనా? నన్నెవరూ ఏమీ అనరా?"

"ఏమనాలి?"

"ఏమో. ఇరవై ఏళ్ళు కట్టలేదు కదా. ఎవరైనా తిడతారేమో అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ."

"మీది ఇవాళ నాకొచ్చిన నలభయ్యో ఫోను. నలభై మందీ ఇదే అడుగుతారు. తిట్టే డిపార్టుమెంటు లేదు తల్లీ మా దగ్గర. ఇంకో సంగతి, ఇవాళ్టి నుంచి మీరు మళ్ళీ చదువుకోవాలంటే ఫెడరల్ సాయం అడగొచ్చు. చాలామందికి ఎవరూ చెప్పరు, అందుకని చెబుతున్నాను."

ఫోను పెట్టేశాక మార్లిస్ కాఫీ కప్పు పట్టుకుని అలాగే కూర్చుంది. బయట మంచు కిటికీ సగం దాకా పేరుకుంది.

"ఏం చదువుతుండేదానివి?" అంది సిల్వీ.

వారాల తర్వాత ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది.

"టీచరుకి. చిన్న క్లాసులకి. లెక్కలు చెప్పడం ఇష్టం నాకు."

"అందుకేనా నా చిన్నప్పుడు భిన్నాలు నేర్పించడానికి పేస్టీలు కోసి కోసి చంపేదానివి?"

"నువ్వు ఎనిమిదో వంతు ఇస్తే ఏడ్చేదానివి."

"అది మోసం కదా, ఎనిమిది పెద్ద అంకె అనుకున్నాను." సిల్వీ నవ్వలేదు గానీ, కార్న్‌ఫ్లేక్స్ గిన్నె తల్లి వైపు జరిపింది. "నాకింకా కోపంగానే ఉంది, తెలుసా?"

"తెలుసు."

"మళ్ళీ చదువు మరి."

"నలభై రెండేళ్ళకా?"

"వద్దులే. అరవై రెండొచ్చాక చదువు," అంది సిల్వీ, పుస్తకంలో పేజీ తిప్పుతూ.

ఫారం వెళ్ళినంత మాత్రాన పని అయిపోలేదు. ఆ వసంతమంతా కొత్త ఫారాల యంత్రాంగం కుంటుతూనే నడిచింది. కాలేజీలకి వివరాలు చేరలేదు, చేరినవాటిలో తప్పులు. మే ఒకటికల్లా ఏ కాలేజీయో తేల్చుకోవాల్సిన పిల్లలు, డబ్బెంత వస్తుందో తెలియక గాల్లో వేలాడారు. సిల్వీకి రెండు గంటల దూరంలో ఉన్న స్టేట్ యూనివర్సిటీలో చేపల గురించి, సరస్సుల గురించి చదవాలని కోరిక. సీటు ఇచ్చారు. సాయం ఉత్తరం మాత్రం జూన్ పదకొండున వచ్చింది. పెల్ గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం, పూర్తిగా ఇచ్చారు. రాష్ట్రం సాయం దాని మీద. మిగిలిన కొద్దిపాటికి చిన్న లోను. సిల్వీ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, లోను అన్న లైను మీద వేలు పెట్టింది.

"ఇది తీసుకుంటే నీలా అవుతానా?"

మార్లిస్‌కి గుచ్చుకుంది. కానీ అడగాల్సిన ప్రశ్నే అది.

"కూర్చో," అంది. మధ్యలో మానేయాల్సి వస్తే ఎవరితో ముందు మాట్లాడాలో, ఏ తేదీ దాటాక మానేస్తే ఎంత పోతుందో, ఎంత జీతానికి ఎంత వాయిదా పడుతుందో మార్లిస్ ఒక్కొక్కటే చెప్పింది. ఇరవై ఏళ్ళు తను పడ్డ చోటల్లా వేలు పెట్టి చూపించింది. సిల్వీ రాసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి చిన్న లోనుని ఇంకా సగానికి తగ్గించారు. మిగతా సగం లైల్ పంపుతానన్నాడు. మొదటి నెల డబ్బు చెప్పిన తేదీకే వచ్చింది. మార్లిస్ ఆశ్చర్యపోయి, ఆశ్చర్యపోయానని అతనికి ఫోన్ చేసి చెప్పింది కూడా.

జూలై రెండున ట్రెంబాత్ వచ్చింది. రిటైరయ్యి మూడు వారాలైంది, ఆవిడకి అప్పుడే విసుగెత్తిపోయింది. తలుపు తీయగానే ఒక కాగితం చేతిలో పెట్టింది.

"నిన్నటి నుంచి కొత్త రూలు అమల్లోకి వచ్చింది. ఫెడరల్ డబ్బుతో చదివి, ఫీజు బాకీ లేని సెమిస్టర్ల మార్కులు కాలేజీ ఆపకూడదు. నీకు ఆరు సెమిస్టర్లకి బాకీ లేదు కదా?"

"లేదు. ఏడోదే."

"ఏడోది వాళ్ళనే ఉంచుకోమను. ఆరూ అడుగు."

మార్లిస్ అడిగింది. కాలేజీలో ఎవరో, మీ పేరున బిల్లు ఉంది కాబట్టి ఇవ్వలేమని ఒక్క లైనులో జవాబిచ్చారు. పోయిన ఏడాదైతే ఆమె అక్కడితో ఊరుకునేది. ఈసారి ట్రెంబాత్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రూలు నంబరు, తేదీ వేసి మళ్ళీ రాసింది. ఎనిమిది రోజులకి మార్కుల పత్రాలు వచ్చాయి. క్షమించండి, మా సిబ్బందికి ఇంకా తెలియదు అని కింద ఒక మాట కూడా ఉంది.

ట్రెంబాత్ కళ్ళజోడు సవరించుకుని పైకి చదివింది. "పిల్లల మనస్తత్వం, ఏ. లెక్కల బోధన, ఏ. భూగర్భ శాస్త్రం, సి. ఇదేంటమ్మాయ్?"

"పొద్దున ఎనిమిదింటి క్లాసండీ అది."

"ఇప్పుడు ఐదింటికి లేచి బస్సు నడుపుతున్నావు. అప్పుడేం మాయరోగం?"

ఆగస్టు చివర్లో మార్లిస్ సిల్వీని యూనివర్సిటీలో దింపింది. వారం తిరక్కుండానే తన క్లాసులూ మొదలయ్యాయి. ఇంటి నుంచే చదివే వీలున్న ఒక స్టేట్ కాలేజీ ఆమె మార్కుల్ని ఒప్పుకుంది. రెండు సబ్జెక్టులు మాత్రం మరీ పాతబడ్డాయి, మళ్ళీ చదవాలన్నారు. ఆమెకి కూడా పెల్ గ్రాంటు వచ్చింది. తరగతిలో మిగతావాళ్ళందరూ సిల్వీ వయసు వాళ్ళు. మొదటి వారం ఒక కుర్రాడు ఆమెని ప్రొఫెసరనుకుని గడువు పొడిగించమని ఉత్తరం రాశాడు. "నాకూ పొడిగించాలి, ఇద్దరం కలిసి అడుగుదాం" అని జవాబిచ్చింది.

చదువు సాగింది గానీ వాషింగ్టన్ కుదురుగా ఉండలేదు. సున్నా వాయిదా అన్న ఆ కొత్త పద్ధతి కోర్టులో ఇరుక్కుంది. మరుసటి ఏడాది వసంతంలో ఎగవేతదారుల మీద వసూళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. వేసవిలో కొత్త చట్టం వచ్చి లోన్ల లెక్కలన్నీ ఇంకోలా మార్చేసింది. వార్త వచ్చిన ప్రతిసారీ మార్లిస్ ఉన్న పని ఆపి చదివేది. చదువుకుంటున్నంత కాలం ఆమె వాయిదా కట్టక్కర్లేదు, ఎగవేత ముద్ర పోయింది, అది తిరిగి రాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా ఫోన్ చేసి రూఢి చేసుకునేది. సంగీతం వింటూ వంట చేసుకునేది. ఫ్రెష్ స్టార్ట్ గడువు దాటిపోయాక సంగతి తెలిసిన పక్కింటి యార్విస్ వాళ్ళ పెద్దకొడుకు ఆమె దగ్గరికొచ్చాడు. అతనికి ఆ దారి మూసుకుపోయింది. ఉన్నది పొడుగు దారి ఒక్కటే, నెలనెలా కొంత కొంత కట్టుకుంటూ బయటపడాలి. మార్లిస్ అతని కాగితాలన్నీ వంటింటి బల్ల మీద పరిచి మూడు ఆదివారాలు కూర్చుంది. ఒక్క వసంతం ముందు ఎవరైనా తట్టి చెప్పి ఉంటే అతనికీ పన్నెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ మాట ఆమె అతనితో అనలేదు. ట్రెంబాత్‌తో అని చాలాసేపు బాధపడింది.

"ఊళ్ళో ఇంకెంతమందున్నారో," అంది ట్రెంబాత్.

తర్వాతి వారం నుంచి గురువారం సాయంత్రాలు ఇద్దరూ ఊరి లైబ్రరీలో ఒక బల్ల వేసుకుని కూర్చోసాగారు. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో వారం ఒక అమ్మాయి, వాళ్ళ తాతగారు వచ్చారు. క్రిస్మస్ కల్లా కుర్చీలు చాల్లేదు.

ఆ క్రిస్మస్‌కి లైల్ వచ్చాడు. మోటెల్లో దిగాడు. సిల్వీ అతన్ని సరస్సు మీద గోలు ముందు నిలబెట్టి, హాకీ కర్రతో బంతులు కొట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. మార్లిస్ ఒడ్డున నిలబడి చూస్తుంటే సిల్వీ ఊపిరి పొగలు కక్కుతూ వచ్చి, "నువ్వు ఆయనకి నిజం చెప్పావు చూడు," అంది, "అప్పుడే నాకు కోపం సగం పోయింది. మిగతా సగం నెమ్మదిగా పోయింది." చెప్పేసి మళ్ళీ మంచు మీదికి వెళ్ళిపోయింది.

జనవరిలో సెలవుల తర్వాత స్కూలు తెరిచారు. మార్లిస్ టీచరు శిక్షణలో ఇక మిగిలింది ఆఖరి మెట్టు. పదిహేను వారాలు అసలైన క్లాసులో పాఠం చెప్పాలి, జీతం ఉండదు. ప్రిన్సిపాల్ ఆమెకి పొద్దుటి బస్సు ఉంచి, మధ్యాహ్నం బస్సుకి వేరే మనిషిని పెట్టాడు. మార్లిస్ పిల్లల్ని దించి, బస్సు నిలబెట్టి, మంచు బూట్లు విప్పి మామూలు జోళ్ళు వేసుకుని నాలుగో తరగతి గదిలోకి వెళ్ళింది. ఇన్నేళ్ళు వెనక బల్ల దగ్గర కూర్చునేది. ఈసారి బోర్డు దగ్గరికి నడిచింది. టీచరు లేచి తన కుర్చీ తీసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఇరవై రెండు మంది పిల్లలు ఆమె వైపు చూశారు. అందులో తొమ్మిది మందిని అరగంట కిందట ఆమే దించింది.

ముందు వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. "మిస్ హైకినెన్, మీరు బస్సు డ్రైవరు కదా?"

"అవును."

"మరి ఇప్పుడు టీచరా?"

"పన్నెండు దాకా టీచర్ని, తర్వాత భోజనాల గదిలో గొడవలు ఆపేదాన్ని. ఇప్పుడు పాఠం చూద్దాం," అంది మార్లిస్. సుద్ద తీసుకుని బోర్డు మీద ఒక పెద్ద గుండ్రం గీసింది. "దీన్ని నలుగురికి సమానంగా పంచాలి. ఎవరొస్తారు?"

పదకొండు చేతులు లేచాయి.